పదకొండు అంగుళాలు

ఆ రోజుల్లో మాకు కొలతల మీద కన్నా జవాబు మీద నమ్మకం ఎక్కువ. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో లోలకం ఎలా ఊగినా రికార్డులో సరైన జవాబే వచ్చేది. ముందు జవాబు రాసుకుని, దానికి తగ్గ రీడింగులు వెనక నుంచి నింపుకుంటూ వచ్చేవాళ్ళం. (సీనియర్ల రికార్డు దొరికితే ఆ శ్రమా ఉండేది కాదు.) ఈ విద్యలో కాలేజీ మొత్తానికి నేనే ఫస్ట్. పాత కట్టడాల పరిరక్షణలో ఎమ్మెస్ చేయడానికి అమెరికా వచ్చినప్పుడు దాన్నీ వెంట తెచ్చుకున్నాను.

మొదటి సెమిస్టర్‌లోనే మా ప్రొఫెసర్ నాకూ నా రూమ్‌మేట్‌కీ ఒక చర్చిని కొలిచి ప్లాన్ గీసే పని ఇచ్చారు. రూమ్‌మేట్‌ది వరంగల్. పొడుగ్గా ఉండేది కాబట్టి నిచ్చెన అనేదాన్ని. ఆ చర్చి పుట్టింది అమెరికాలో కాదు, ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఫ్రాన్స్‌లో. కొద్దిమంది సన్యాసుల కోసం కట్టిన చిన్న మఠం అది. వాళ్ళు పోయాక అందులో గడ్డి నిలవ చేసుకున్నారట. తర్వాత ఒక అమెరికా ధనవంతుడు కొని, రాయి రాయికీ నంబరు వేయించి, పెట్టెల్లో ఓడ మీద తెప్పించి మళ్ళీ కట్టించాడు. ఆయన మోజు తీరాక అది ఊరి చర్చి అయింది. సన్యాసులు పడుకునే గదులు మాత్రం రాలేదు. వాళ్ళు ప్రార్థనకి దిగివచ్చే తలుపు ఒక్కటే గోడలో పదడుగుల ఎత్తున, ఎటూ తెరుచుకోకుండా మిగిలిపోయింది.

ఉత్తరపు గోడ సరిగ్గా ఎనభై అడుగులు వచ్చింది. దక్షిణపు గోడ పదకొండు అంగుళాలు ఎక్కువ. మూడుసార్లు కొలిచాం. మూడుసార్లూ అంతే.

"టేపు ఎక్కడో జారుంటుందే. రెండూ కలిపి సగం చేసి రాసేద్దాం" అన్నాను.

"ఏందే, దేవుని ఇంట్ల గూడ ల్యాబ్ రికార్డేనా? మల్ల కొలుద్దాం పా."

"బస్సు వెళ్ళిపోతుంది. ఎవరు చూస్తారు?"

రెండు గోడలకీ ఎనభై అడుగుల ఐదున్నర అంగుళాలు రాశాను. మూల నుంచి మూలకి తీయాల్సిన అడ్డకొలతలు కొలవకుండానే లెక్కగట్టాను. ప్లాన్ చూసి ప్రొఫెసర్ మురిసిపోయారు. అంతటితో అయిపోయేదే, కానీ చర్చి బాగోగులు చూసే ముసలాయన ఆయన్ని అడిగి ఒక కాపీ తీసుకున్నాడు.

నెల తిరక్కుండా, ఒక శనివారం పొద్దున్న ఆ ముసలాయన మమ్మల్ని రమ్మని ఫోన్ చేశాడు. చర్చి ఆవరణలో గాలివానకి ఒక ఓక్ చెట్టు పడిపోయిందట. ఆ చెక్కతో బలిపీఠం దగ్గర, చివరి గోడకి ఆనించి కొత్త వేదిక చేస్తున్నారట. మేం వెళ్ళేసరికి వడ్రంగి పలకలు పరిచి రంపం పక్కన నిలబడి ఉన్నాడు. పలకల మీద నా ప్లాన్!

"ఉన్నది ఈ ఒక్క చెట్టే. మా పెళ్ళి దాని కిందే జరిగింది" అన్నాడు ముసలాయన ఆనందంగా.

నా ప్లాన్‌లో ఆ చివరి గోడ తిన్నగా ఉంది, నిజానికది వాలు, కాగితం ప్రకారం కోస్తే పలకలు గోడకి అతకవు. కొలతలు కల్పించారని తెలిస్తే యూనివర్సిటీ పంపించేస్తుంది. పంపించేస్తే ఎఫ్-వన్ వీసా పోతుంది.

"చెప్పొద్దే, నీకు దణ్ణం పెడతాను. ఇద్దరం ఇంటికే" అన్నాను తెలుగులో, ముఖాన నవ్వు చెదరనివ్వకుండా.

"చెట్టు పోతదే!"

"చెట్టు ఎలాగూ పడిపోయిందిగా!" (ఈ మాట నేనే అన్నాను. ఇన్నేళ్ళయినా మరుపు రాలేదు.)

వడ్రంగి రంపం ఆన్ చేశాడు. నేను పైకప్పులోని తోరణాలను శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాను. బలిపీఠం వైపువి గుండ్రంగా ఉన్నాయి, వాకిలి వైపువి మొనదేలి ఉన్నాయి.

"ఆపుండ్రి!"

నిచ్చెన గొంతుకి చర్చి అంతా మోగింది. వడ్రంగికి తెలుగు రాకపోయినా రంపం ఆపాడు.

"ఆ కొలతలు తప్పు, సర్. యావరేజ్ తీసింది నేనే" అంది ఇంగ్లీషులో.

నేను నోరు తెరిచాను. నోరు అలాగే ఉంచి ఇంకా పైకే చూస్తున్నాను.

వడ్రంగి నా ప్లాన్ పక్కకి తీశాడు. కింద చెక్క మీద అతని పెన్సిల్ గీత అప్పటికే వాలుగా ఉంది. "కాగితాన్ని నమ్మి చెక్క కోయడం మానేసి ముప్పై ఏళ్ళయింది. పొద్దున్నే నేనే కొలుచుకున్నాను" అన్నాడు నవ్వుతూ.

ముసలాయన మాత్రం నవ్వలేదు. బలిపీఠం వైపు ముందు కట్టారని, వందేళ్ళ తర్వాత మిగతాది కట్టినప్పుడు వరస కలవలేదని చెప్పాడు. "ఇక్కడ మళ్ళీ కట్టినవాళ్ళు రాళ్ళ మీది నంబర్లనే నమ్మారు. ఆ వంకరని కూడా పెట్టెల్లో పెట్టి తెచ్చారమ్మా. మీరు ఒక్క పూటలో తీసేశారు" అన్నాడు.

సోమవారం ప్రొఫెసర్ దగ్గరా నిచ్చెన అదే మాట చెప్పింది. ఇంటికి పంపలేదు గానీ, ఆమెకి సున్నా వేశారు, నాకు సగం మార్కులు. ఇద్దరినీ మళ్ళీ కొలవమన్నారు. ఎందుకలా చెప్పావని బస్సులో అడిగితే, "నీ మొఖం చూసిన. ఇంకో నిమిషమైతే పడిపోతుంటివి" అంది. అప్పటి నుంచీ నన్ను యావరేజ్ అనే పిలిచింది. ఆమె ప్లేనోలో, నేను ఐసెలిన్‌లో, ఒకరికొకరం దూరపు ఊళ్ళలో స్థిరపడ్డాక కూడా ఫోన్ ఎత్తితే "ఏం యావరేజూ, బతికున్నవా?" అనేది.

మొన్న చలికాలంలో తనే పోయింది.

పోయిన వారం ఆ చర్చికి వెళ్ళాను. టేపు అవతలి కొస పట్టుకునేవాళ్ళు లేరు కాబట్టి దాని మీద ఒక ప్రార్థన పుస్తకం బరువు పెట్టి రెండు గోడలూ కొలిచాను. పదకొండు అంగుళాలు. ఓక్ వేదిక గోడకి ఎక్కడా సందు లేకుండా అతుక్కుని ఉంది. దాని పక్కన, తోరణాలు చూస్తూ నిలబడ్డ ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చింది. ఒకప్పుడు కోపం వచ్చేది, ఇప్పుడు నవ్వొచ్చింది. పాపం, ఇంకా నోరు తెరిచే ఉంది. దాని బదులు నేను చెబుతాను. సగటు తీద్దామన్నది నేను.