ఎడమ చేతి ఊపిరి

నా చిన్నప్పుడు మా పాత దొరల గడీలో ఒక పాట చప్పుడు లేకుండా నడిచేది. జఫర్‌గఢ్ దగ్గరి మా ఊళ్లో పొలాలు పోయాయి, మనుషులు పోయారు, హార్మోనియం మాత్రం మిగిలింది. దాని తిత్తిని ఎలుకలు కొరికేశాయి. బాగుచేసిపెట్టమని ఒకరిని అడగడం మా వంశంలో లేదు. మా తాతయ్య రోజూ సాయంత్రం నిటారుగా కూర్చుని, చిరిగిన తిత్తిని ఎడమ చేత్తో ఊపుతూ, కుడి చేత్తో మెట్లు నొక్కేవారు. అది వాళ్ల నాయిన కట్టిన బాణీ, ఇంకెవరికీ రాదు. నేను ఆ వేళ్లను చూస్తూ ఉండేదాన్ని.

తెలంగాణ ఉద్యమం ఊరూరా పాటై తిరుగుతున్న రోజులవి. జనగామ స్టేషన్ దగ్గర మేడ మీది గదిలో ఒక అక్క కంప్యూటర్, కీబోర్డు పెట్టుకుని పాటలు రికార్డు చేసేది. పాత బాణీల కోసం వెతుకుతూ మా ఇంటికి వచ్చింది. ఆ బాణీ తనతోనే పోతుందన్న దిగులు తాతయ్యకు లోపల ఉన్నట్టుంది, వస్తానన్నారు. కానీ ముందే చెప్పారు: "ఒక్కపారే వాయిస్త. మళ్ల వాయించుమని అడగొద్దు."

ఊళ్లో అందరికీ ఆయన దొర. నన్ను వెంటబెట్టుకుని ఆయన ఆ మేడ మీది గదికి వెళ్తే, ఆమె మాత్రం తాతా అంది. ఆయన వీపు ఇంకాస్త బిగుసుకుంది.

కీబోర్డు మీద కుడి చెయ్యి వాయిస్తుంటే, అక్కడ లేని తిత్తి కోసం ఎడమ చెయ్యి గాలిలో ఊగింది. హార్మోనియంలో బలమంతా తిత్తిదే, మెట్టును తాకితే చాలు. ఆయన ఇక్కడా అలాగే తాకారు. స్వరాలు వినీ వినపడకుండా వచ్చాయి. ఊపిరి లేని పెట్టె అని లేచారు.

అక్క మళ్లీ వాయించమనలేదు. "నీ చేతి ఏళ్లు గిండ్లనే ఉన్నయి తాతా. మిడి అంటరు దీన్ని. ఇది సప్పుడును దాచదు. ఏ మెట్టు ఎప్పుడు నొక్కినవో, ఎంత మెల్లగ నొక్కినవో, గదే దాస్తది. సప్పుడు ఎనక పెట్టుకోవచ్చు. జర కూసో."

ఆ మెల్లని తాకిళ్లకు కంప్యూటర్‌లోనే బలం పెంచి, హార్మోనియం గొంతు పెట్టింది. చప్పుడు పెంచి తగ్గించే చిన్న మీట మీద ఆయన ఎడమ చేతిని ఉంచింది. "గిది తిత్తి అనుకో. ఇగ ఊపిరి పొయ్యి."

తాతయ్య కుడి చెయ్యి ఒడిలో ఉంది. ఎడమ చెయ్యి మీటను జరుపుతుంటే, కాసేపటి కింద వాయించిన బాణీ లేచింది, ఒరిగింది, నిట్టూర్చింది. ఇన్నేళ్లూ చూసిన పాటను నేను మొదటిసారి విన్నాను. అయిపోయాక కూడా ఆయన మీట మీంచి చెయ్యి తీయలేదు. తర్వాత మెల్లగా అడిగారు: "ఇంకొకపారి పెడ్తవా, బిడ్డా?"

ఇప్పుడు గడీ లేదు, తాతయ్య లేరు. కంప్యూటర్లు ఎన్నో మారాయి, ఆ మిడి ఫైలు మాత్రం ఇంకా తెరుచుకుంటుంది. పాటలు కట్టే మా ఇంటి పిల్లలు దానికి ఒకరోజు వేణువు గొంతు పెడతారు, ఒకరోజు వయొలిన్ పెడతారు. ఏది పెట్టినా మూడో స్వరం ముందు తాతయ్య వేళ్లు ఒక్క క్షణం ఆగుతాయి. గడీ పోయిందని జాలిపడేవాళ్ల ముందు నేను ఇప్పటికీ నిటారుగానే కూర్చుంటాను. ఆ బాణీ వింటున్నప్పుడు మాత్రం నా ఎడమ చెయ్యి నాకు తెలియకుండానే గాలిలో ఊగుతుంది.