క్లారినెట్‌కు కుదిరిన పన్ను

1986 చలికాలం. ఢిల్లీ కంటోన్మెంట్‌లో సైనిక దంతవైద్యుడిగా పనిచేస్తున్నాను. ఆ ఉదయాల్లో పొగమంచు కిటికీల దాకా వచ్చి ఆగేది. మైదానంలో బ్యాండు సాధన వినిపించేది గాని మనుషులు కనిపించేవారు కాదు. చేతిలో టీ చల్లారిపోతున్నా అలాగే వింటూ ఉండేవాణ్ణి.

ఆ బ్యాండులో క్లారినెట్ వాయించే అప్పలనాయుడు ఒకరోజు నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. విజయనగరం వైపు మనిషి. బాస్కెట్‌బాల్ ఆటలో ఎవరి మోచెయ్యో తగిలి, పై వరసలో ముందు పన్ను సగానికి విరిగింది.

"వచ్చే వారం టెస్టుంది సార్. ఊదలేకపోతే బ్యాండులోంచి తీసేస్తారు. నాకింకేటీ రాదు సార్" అన్నాడు. కళ్లలో నీళ్లు.

అదృష్టం, నరం దెబ్బతినలేదు. ఇలాంటి పన్నుకు రెండు దారులు. ఒకటి జాకెట్ క్రౌన్, అంటే పన్నును చుట్టూ అరగదీసి తొడిగే పింగాణీ తొడుగు. చూడముచ్చటగా ఉంటుంది గాని మిగిలిన మంచి పన్ను చాలావరకు పోతుంది. రెండోది కాంపోజిట్. పన్ను రంగులోనే ఉండే ముద్దను పొరలు పొరలుగా పేర్చి, నీలికాంతితో గట్టిపరుస్తాం. నేను రెండోదే ఎంచుకున్నాను.

పని పూర్తయ్యాక పక్క పన్నుకు కవలలా అమరింది. నాకు నేనే మురిసిపోయి అద్దం ఇచ్చాను. అతను దాన్ని పక్కన పెట్టి, సంచిలోంచి క్లారినెట్ తీసి పై పళ్లు ఆనించి ఊదాడు. గాలి చీలిపోయి స్వరం పలకలేదు.

"శానా బాగుంది సార్. కానీ కొంచెం పొడుగైపోనాది."

"పొడుగేమిటయ్యా? పక్క పన్నుతో సరిగ్గా కలిపాను కదా!" నాకు చిర్రెత్తింది.

"పక్క పన్నుతో కాదు సార్, క్లారినెట్‌తో కలవాల."

ఏళ్ల తరబడి ఆ ఒక్క పన్నే ఆనించి ఊదడంతో అతని పాత పన్ను ఏటవాలుగా అరిగి ఉంటుందని అప్పుడు తట్టింది. కొద్దిగా అరగదీశాను. ఊదాడు. తల అడ్డంగా ఊపాడు. మళ్లీ అరగదీశాను. చివరికి చూడటం మానేసి, కళ్లు మూసుకుని వినడం మొదలుపెట్టాను.

ఉన్నట్టుండి స్వరం నిండుగా వచ్చింది. మెత్తగా గదంతా పరుచుకుంది. వరండాలో మాటలు ఆగిపోయాయి. నేనెక్కడున్నానో కాసేపు మరిచిపోయాను.

"ఇదే సార్, ఇదే నా పన్ను" అన్నాడు.

కళ్లు తెరిచి చూస్తే పన్ను వంకర. పరీక్షలో ఏ ప్రొఫెసరైనా నన్ను ఫెయిల్ చేసేవాడు. అప్పలనాయుడు మాత్రం పాసయ్యాడు, బ్యాండులోనే ఉన్నాడు.

అప్పట్నుంచి ఎవరినైనా నోరు తెరవమనే ముందు, ఈ పంటితో మీరేం చేస్తుంటారని అడుగుతాను.