కొంగున పడిన పూలు

ఒక్క టికెట్టు చాలే చోట, ఒక్కోటి మూడొందల టికెట్లు రెండు కలిపి నాలుగొందలకి బేరమాడి కొన్న ఘనుణ్ణి నేను. కొట్లో పెరిగిన బుద్ధి మరి. గోడల మీద వెలుతురు బొమ్మలు ఆడించే ప్రదర్శనకి శ్రీకాకుళం బస్సులో వెళ్తూ, రెండో టికెట్టు పక్కసీటు మామ్మకి అంటగట్టబోయాను. పొందూరులో నూలు వడుకుతుందట.

"ముట్టుకుంటే సేతికి తగుల్తాదేటి బాబూ?"

"తగలదు మామ్మా. వట్టి వెలుతురే."

"తగలందానికి డబ్బులేటి?"

టికెట్టు ఊరికే ఆమె చేతిలో పెట్టేశాను.

ప్రదర్శన హాల్లో పైనుంచి రంగుల వెలుతురు పూలు రాలుతుంటే అందరూ ఫోన్లు ఎత్తారు. మామ్మ మాత్రం తన తెల్ల నూలుచీర కొంగు రెండు చేతులా చాచింది. పూలన్నీ దానిమీద వాలాయి.

"సూడు బాబూ, గుడ్డకి తగిల్నాయి."

నిజం లెక్క చెప్పాలంటే నా టికెట్టు మూడొందలు, ఆమెది వంద. నేను చూసింది మాత్రం ఆమె కొంగు మీది ఆ వంద రూపాయల ఆటే.