ఏడో మనిషి

మా ఆయన పేరు ఒవీలా, మనిషి పిరికివాడు. పెళ్లికి ముందే మా అమ్మ చెప్పింది, నేనే వినలేదు. అమెరికాలో మా వెర్మాంట్ కొండల్లో రోడ్లమీద మంచు తీసే బండి నడుపుతాడు. తుపానులో లోయ అంచున ఒక్కడే పోతాడు గాని, హోలిస్ గొంతు వింటే చాలు, నోట్లో తడి ఆరిపోతుంది.

హోలిస్ మా ఊరి రోడ్ల పెద్ద. ఊరే ఎన్నుకుంటుంది. పనిలో పెట్టుకునేదీ తీసేసేదీ ఆయనే. కిందటేడు తన బావమరిది వాకిట్లో ముందుగా మంచు తీయలేదని ఒకతన్ని ఇంటికి పంపేశాడు. ఈ మార్చిలో ఊరి పాలన మార్చే కొత్త నియమావళి, చార్టర్ అంటారు, ఊరి సభలో ఓటుకు వచ్చింది. అది నెగ్గితే రోడ్లూ ఉద్యోగాలూ జీతానికి వచ్చే మేనేజర్ చేతికి పోతాయి. హోలిస్ పదవే ఉండదు.

మా ఊళ్లో ఏదైనా చేతులెత్తే తేలుస్తారు. రహస్యంగా చీటీలు కావాలంటే ఏడుగురు లేచి అడగాలి. దాచుకోవాలంటే ముందు బయటపడాలన్నమాట. ఏ మహానుభావుడు పెట్టాడో ఈ నియమం.

సభనాడు బడి ఆటల హాలు నిండా జనం. హోలిస్ తలుపు దగ్గర చేతులు కట్టుకుని ఒక్కో ముఖమే చూస్తున్నాడు. ఆరుగురు లేచారు, అందరూ పింఛను తినే ముసలివాళ్లే.

"ఇంకొకరున్నారా?" అని సభ నడిపే ఆవిడ అడిగింది. నా పక్క కుర్చీ కిర్రుమంది.

లేచింది మా ఆయనే. కోటు పట్టి లాగాను. "కూర్చో. రేపట్నుంచి పొయ్యిలో పిల్లి లేవదు."

"ఏం ఒవీలా, నడుం పట్టేసిందా?" అన్నాడు హోలిస్. అందరూ నవ్వారు. అవునని కూర్చుంటే సరిపోయేది. ఆయన కూర్చోవాలని దేవుడికి మొక్కుకున్నాను.

"నడుం బాగానే ఉందండీ. భయం. మీరు చూస్తుండగా చెయ్యెత్తాలంటే భయం. అందుకే చీటీ అడుగుతున్నా."

ఏడుగురయ్యారు. చీటీలు పంచారు. చార్టర్ నెగ్గింది. కాని అది అమల్లోకి వచ్చేది వేసవిలో, అప్పటిదాకా బండి తాళాలు హోలిస్ జేబులోనే. ఇంటికొచ్చాక ఆ సంగతి గుర్తొచ్చి, వండిన బీన్సు ఇద్దరమూ ముట్టలేదు.

తెల్లారేసరికి మంచు. ఆయన్ని ఒంటరిగా పంపలేక నేనూ బండి షెడ్డుకు వెళ్లాను. హోలిస్ తాళాలు బయటికి తీశాడు గాని ఇవ్వలేదు.

"చీటీలో ఏం రాశావ్?"

ఒవీలా ఒకడుగు ముందుకు వేశాడు. "చెప్పేటట్టయితే నిన్న లేచేవాణ్ని కాదు కదండీ" అని చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి గడగడ వణుకుతోంది. నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. తాళాలు అందులో పడేదాకా వెనక్కి తీసుకోలేదు మా పిరికివాడు.