పారేసే ముందు చూడమన్న బిడ్డ

రెండో గల్లీ వకీలు గారి మోకాలు ఎట్లున్నది? ఆపరేషన్ అయినంక మెట్లు ఎక్కుతున్నరట, జెర నిదానం. కిరాణ దుకాణం అమ్మకు షుగర్ దిగిందా? మూలింటి బాలింతకు, పసిగుడ్డుకు జ్వరం తగ్గిందా, మళ్ళ డాక్టరుకు చూపించిన్రా? నాకా? బీపీ ఉన్నది, నిద్ర లేదు, గ్యాస్ బంద్ చేసిన్నో లేదో అని పొద్దటి నుంచి మూడుసార్లు చూసొచ్చిన. అంటే మంచిగనే ఉన్న. ఉండవలసిన మనిషే లేదు.

మా ఇంటి పై పోర్షన్‌ల ఏడేండ్లు ఉన్న బిడ్డ పోయిన నెల కాలం చేసింది. మీరు చూసే ఉంటరు, భుజాన సంచి, చేతిల టిఫిన్ డబ్బ, పద్మారావు నగర్ బస్టాపుకు ఎప్పుడూ ఉరుకుడే. పనికాడ తల పట్టుకొని కూలబడ్డదట. దవాఖానకు తీస్కపోయేసరికే మెదడుల నరం చిట్లిందన్నరు. నలభై ఆరేండ్లు. "బీపీ చూపించుకో బిడ్డా" అని నేను ఎన్నిసార్లు అన్ననో! "ఈ వారం పని అవ్వనీండి పిన్నిగారూ" అనేది. ఆ వారం ఎన్నడూ అయిపోలే.

కాలనీ పత్రికల నాలుగు మాటలు రాయమన్నరు. నాది నాలుగో తరగతి చదువు. మంచి మాటలే రాద్దామని కూసున్న గాని కోపం వస్తున్నది. ముందే చెప్తున్న.

శ్రీకాకుళం దిక్కు పిల్ల. క్యాన్సర్ మీద పరిశోధన చేసేది. మన గల్లీల ఆమెను ఎన్ని మాటలన్నరో నాకు యాదికున్నది. "మా పోరడు ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు చేసిండు, ఆఫీసు కారు ఇంటి ముందట ఆగుతది. మీ కిరాయి మేడమ్ గింత చదివి ఇంకా సిటీ బస్సేనా?" అని నాతోనే అన్నరు. ఎవరన్నరో వాళ్లకే తెలుసు. ఆమెకు చెప్తే నవ్వింది. "బస్సు ఇంకా పెద్దది కదండి వాళ్ల కారు కన్నా" అన్నది.

మొదట్ల నాకు సుత ఆమె మీద కోపమే. నేను మడి కట్టుకునే మనిషిని. ఆమె పని సామాను దగ్గరికి పోతే "ముట్టుకోకండి పిన్నిగారూ!" అని అరిచేది. ఏందీ, నా ఇంట్ల నేను అంటరానిదాన్నా అని వారం రోజులు మాట్లాడలే. తర్వాత ఒకనాడు ఆమె ఒక సంచెడు సన్నటి ప్లాస్టిక్ గొట్టాలు తెచ్చి, అవి ఒక్కొక్కటే డబ్బల రంధ్రాలల్ల పేర్చుతున్నది. మధ్యల ఫోన్ వస్తే బయటికి పోయింది. పాపం, మెడ నొప్పి పిల్ల, సాయం చేద్దామని నేను తలకు పోసుకొని, తడిచీర కట్టుకొని, మడితోని కూసొని డబ్బంతా నింపిన. వచ్చి చూసి తల పట్టుకున్నది.

"అయ్యో! మొత్తం పోయిందండి."

"ఏం పోయింది? స్నానం చేసే ముట్టిన గద!"

"మీరు మడి కట్టుకున్నారు గానీ, మీ వేళ్లకి మడి లేదండి. నేను వెతికేదాన్ని చంపేసేది మన చర్మం మీదే ఉంటుంది. ఎంత కడిగినా పోదు."

నా మడి కన్నా దాని మడి కష్టం అని ఆనాడు తెలిసింది. ఆ తర్వాత ప్రతి శనివారం రబ్బరు గ్లవ్స్ ఏసుకొని నేనే నింపిన. వంద డబ్బలు దాటినయేమో. అప్పుడే చెప్పింది తన పని సంగతి.

మన ఒంట్ల కణం కణంల ఒక పెద్ద వంటల పుస్తకం ఉంటదట. అది గదిల నుంచి బయటికి రాదు. ఏం వండాల్నో చీటీ రాసి వంటింటికి పంపుతది. ఆ చీటీ పేరు ఆర్‌ఎన్‌ఏ. అండ్ల కొన్ని మరీ చిన్నవి ఉంటయి. అవి వంటకు పనికిరావు. చీటీని పట్టుకొని "ఇగ చాలు" అని ఆపుతయి. ఆపేటిది మాయమైతే పొయ్యి ఆరదు, వండుతనే ఉంటది, గిన్నెలు పొర్లుతయి. ఇంకో రకం చిన్నవి ఎక్కువైనా ముప్పేనట, పొయ్యి ఆర్పమని రాసిన చీటీనే చింపేస్తయి.

"అయితే క్యాన్సర్‌కు గిదేనా కారణం?" అని అడిగిన.

"కాదండి, చాలా ఉన్నాయి. ఇదొక తాడు. లాగి చూస్తున్నాం."

ఇదివరకు అందరు పెద్ద చీటీలనే వెతికి, అడుగుకు జారిన చిన్నవాటిని చెత్త అని పారబోసేటోళ్లట. ఆ చిన్నది మొదటిసారి ఒక సన్నటి పురుగుల దొరికితే, పురుగు సంగతి మనకెందుకన్నరట. ఇప్పుడు దేశదేశాలల్ల ఏ గడ్డల ఏది తగ్గింది, ఏది పెరిగింది అని చూస్తున్నరు. గడ్డ చేతికి తగలకముందే రక్తం చుక్కల తెలుస్తదేమో అని ఆశ. ఆ "ఏమో" ఆమెదే, నేను కలపలే. "చిన్నదని పారేయకండి పిన్నిగారూ. చూసి, అప్పుడు పారేయండి" అనేది. నేను చింతపండు పిసికిన పిప్పి పారేస్తున్నా గదే మాట, గదే నవ్వు.

మా చెల్లె రొమ్ము క్యాన్సర్‌తోని పోయింది. ఆపరేషన్ చేసి తీసిన గడ్డ ముక్కను దవాఖానల మైనంల పెట్టి దాచిన్రు. అది పరీక్షకు కావాలె, ఇంటోళ్ల సంతకం కావాలె అని ఈ బిడ్డ అడిగింది. నాకు దడ. చచ్చిన మనిషిని మళ్ళ కోసినట్టు కాదా? రెండు నెలలు తిప్పిన. ఒక్కనాడు విసుక్కోలే. ఆఖరుకు సంతకం పెట్టిన. కొన్నాళ్లకు మెట్లు దిగుతనే చెప్పింది: "మీ చెల్లెలి ముక్కలో పెద్ద చీటీలన్నీ చిరిగిపోయాయండి. చిన్నవి మాత్రం ఉన్నాయి. చెక్కుచెదరలేదు." నేను పొయ్యి కాడ కూసొని ఏడ్చిన. ఆమె పక్కన కూసున్నది.

ఇగ నా కోపం సంగతి. సంతాప సభకు వాళ్ల సంస్థకు పోయిన. పెద్ద సారు ఫొటోకు గులాబీల దండ ఏసి, త్యాగం, తపస్సు అని మస్తు మాట్లాడిండు. చాయ్ తాగేకాడ ఆమె కింద చదువుకునే పిల్ల నా చెయ్యి పట్టుకొని ఏడ్చింది. ఈ బిడ్డ పనిచేసిన గదిల కంప్యూటర్లు పెడుతున్నరట. ఆమె రాసిన నోట్‌బుక్కులు, మైనం ముక్కల పెట్టెలు నెలాఖరుకు చెత్తల వేస్తరట. ఆ పిల్ల పని ముందుకు పోవాలంటే అవే ఆధారం. అడిగే ధైర్యం లేదు, తన పట్టాకు సంతకం పెట్టేది ఆ సారే గద.

నాకేం సంతకం? పోయి అడిగిన.

"సారూ, ఆ పెట్టెలు ఏం చేస్తరు?"

"పాతవమ్మా. చిన్న చిన్న ముక్కలు. మీకెందుకు పరేషాన్?"

"అండ్ల ఒకటి మా చెల్లె."

సారు చాయ్ కప్పు కింద పెట్టిండు.

"పారేసే ముందు చూసిన్రా?" అన్న.

"చూస్తామమ్మా, చూద్దాం."

"చూద్దాం అంటే ఎప్పుడు? దండకు టైమ్ దొరికింది గద. తారీకు చెప్పున్రి."

బీపీ గోలీ ఇంట్లనే మర్చిపోయిన. గాని కదల్లే. అందరు చూస్తుంటే సారు జేబులకెల్లి డైరీ తీసి తారీకు రాసిండు. ఆ పిల్లను, నన్ను రమ్మన్నడు. పెట్టె పెట్టె తెరిచి, ఏది ఎవరిదో రాసి, ఆ పిల్లకు అప్పజెప్పే సంగతి అప్పుడే తేలుస్తమన్నడు. మాట తప్పుతడా? ఆ రంధి నాకున్నది. అందుకే మీ అందరికి తెలువాలని గీడ రాస్తున్న.

పై పోర్షన్ అల్మారిల విప్పని గ్లవ్స్ డబ్బ ఒకటి మిగిలింది. సంచిల పెట్టుకున్న, మూడు జతలు. సారుకు సుత ఒకటి. వచ్చే బుధవారం, పొద్దున పదకొండు గంటలకు.