మార్చుకున్న కుక్కలు

ఈ సాయంత్రం పక్కింటావిడ పెళ్లికి ఊరికి పోతూ, తమ కుక్కను నాలుగు రోజులు మా ఇంట్లో ఉంచుకోమని అడిగింది. నా వల్ల కాదన్నాను, అదీ కాస్త కటువుగానే. ఆమె మొహం చిన్నబోయింది. పిల్లలిద్దరినీ పడుకోబెట్టి, వాళ్ల ఊపిరి సరిగా ఆడుతున్నదా అని రెండుసార్లు వెళ్లి చూసి వచ్చి ఇది రాస్తున్నాను. ఆమెకు చెప్పలేని కారణం మీకు చెప్పగలను. మన వయసు వాళ్లకు ఆ రోజులు తెలుసు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. జనగామలో రైలు పట్టాల అవతల, ఊరి చివరి వాడ మాది. మా మోతి, ఎదురింటి పెద్దమ్మ వాళ్ల కర్రోడు ఒకే గిన్నెలో తినే కుక్కలు. పెద్దమ్మ బిడ్డా నేనూ ఎవరింట్లో ఆడుకుంటే అవీ అక్కడే పడుకునేవి. పెద్దమ్మ కొడుకును నేను పెద్దన్న అనేదాన్ని. ఆయన నక్సలైట్ల దళంలో కలిసి నర్మెట్ట వైపు వెళ్లిపోయాడు గానీ, అప్పుడప్పుడు మసక చీకట్లో చెలకల వెంట వచ్చి, తల్లి చేతి ముద్ద తిని పోయేవాడు. కుక్కల మొరుగుడు వినపడితే చాలు, పట్టాల దగ్గరి క్యాంపు నుంచి పోలీసులు దిగేవాళ్లు. అందుకని, పల్లెల్లో చేసినట్లే మా వాడలోనూ కుక్కలను చంపెయ్యాలని పెద్దలు తీర్మానించారు.

తిండి పెట్టిన చేత్తో ఎట్లా కొట్టేదని అందరూ తలలు పట్టుకుంటే పెద్దమ్మే దారి చూపింది. "మీదాన్ని మేం తీస్కపోతం, మాదాన్ని మీరు తీస్కపోండ్రి."

"కోడిని కొయ్యమంటెనే కండ్లు మూస్కుంటడు, గాయనతోని అయితదా?" అని ఎవరో అంటే వాడంతా మా బాపును చూసి నవ్వింది. ఆ నవ్వు బాపుకు తగిలిందనుకుంటాను.

మోతిని పెద్దనాయన తీసుకుపోయి పూడ్చి వచ్చాడు. బాపు కర్రోణ్ని తాడు కట్టి తీసుకుపోయి, సాయంత్రానికి ఒక్కడే వచ్చి, పారకంటిన మట్టి బావి దగ్గర కడిగాడు. "అయిపోయిందా తమ్మీ?" అని పెద్దమ్మ అరుగు మీంచి అడిగింది. బాపు తలూపాడు. నాలుగు కోసుల అవతల ఒక గొల్లాయన మంద దగ్గర దాన్ని కట్టేసి వచ్చాడని మాకెవరికీ తెలియదు.

నాలుగో నాడు దీపాల వేళకు పెద్దన్న వచ్చి అన్నం ముందు కూర్చున్నాడు. అప్పుడే కర్రోడు, మెడకు తెగిన తాడు వేలాడుతుండగా, ఉరుక్కుంటూ వాడలోకి వచ్చి, ఇల్లు దొరికిన సంతోషానికి తలుపు గీరుతూ ఒకటే మొరిగాడు. బాపు పరుగున వెళ్లి దాని నోరు అదిమి పట్టుకున్నాడు గానీ అప్పటికే బూట్ల చప్పుడు వినపడింది. పెద్దన్న పెరటి గోడ దూకాడు. చెలకల్లోకి చేరకముందే తుపాకీ మోగింది.

పెద్దమ్మ మమ్మల్ని తిట్టలేదు. "చంపబుద్ధి కాలేదని ఒక్క మాట చెప్పకపోతివి తమ్మీ, పిలగాన్ని రావొద్దని కబురు పెట్టేదాన్ని" అన్నది, అంతే. నాతో ఆడుకునే ఆమె బిడ్డ మళ్లీ మా గడప తొక్కలేదు.

కాలేజీ చదువు చదివాను, ఇద్దరు పిల్లల తల్లినయ్యాను. అయినా బాపు జాలిని తప్పనలేను, ఆయన తలూపడాన్ని ఒప్పనలేను. పిల్లలకు ఒళ్లు కాస్త వెచ్చబడితేనే నా ప్రాణం నిలవదు, ఆ తల్లి ఎట్లా నిలిచిందో. బాపు పోయాక, కిందటేడు జనగామ వెళ్లాను. మా వాడ ఉన్నచోట పత్తి గోదాములు లేచాయి. పెద్దమ్మ వాళ్లు ఎటుపోయారని అడిగితే, వాళ్లెవరని అక్కడివాళ్లు నన్నే అడిగారు. క్షమించమని అడగడానికైనా ఒక మనిషి మిగలకుండా ఊరు ఇంత తొందరగా మారిపోతుందని నేను అనుకోలేదు.