ఎదురింటి గొళ్లెం సప్పుడు

మా ఎదురింటక్క పోయింది. బోధన్ల మా గల్లీల అందరికి తెలిసిన ముచ్చటే, మీకు తెల్వదని రాస్తున్న. పొద్దుగాల నల్లకాడ తన బిందె తనే నింపుకున్నది, చాయ్ తాగింది, బీడీల చాట ముందర వెట్టుకొని గడపల కూసున్నది. కోడలు లోపటికి పోయి వచ్చేవరకు గోడకు ఒరిగి ఉన్నదట. గుండె ఆగిందన్నరు. కత్తిరించిన తునికాకు చాటల అట్లనే ఉండె.

ఆమె నాకు తోడవుట్టింది గాదు. పెండ్లయి నేను గీ గల్లీకి వచ్చిన సంది ఎదురెదురు గడపలల్ల కూసొని బీడీలు చుట్టినోళ్లం. ఆమెది రుద్రూర్ దిక్కు, చెరుకు పండే ఊరు. నాదేమో రంది పానం. వాన వడితె గోడ కూలుతదని రంది, వడకుంటె నల్ల బందయితదని రంది. "రందికి గిన కూలిచ్చేదుంటే గీ గల్లీల నువ్వే షావుకార్వి చెల్లె" అని నవ్వేది.

నాకు షుగర్ ఉన్నదని దవాఖానల చెప్పిన దినం నన్ను గన్న అవ్వ యాదికచ్చింది. మా అవ్వకు గదే బీమారి ఉండె. కాలికి పుండువడి మోకాలి కిందికి తీసేసిన్రు. మంచంల వడి, గుక్కెడు నీళ్లకు గూడ మమ్ముల పిలిచేది. పిలిచేటప్పుడు మొఖం గోడ దిక్కు తిప్పుకునేది. నాకు సావంటె గంత భయం లేదు, ఆ మంచమంటెనే భయం.

అవి చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి పోయే దినాలు. కొత్త సంవత్సరం వస్తున్నదని పిల్లలు ముగ్గులకు రంగులు తెచ్చుకుంటున్రు. నేను గూడ మనసుల పెద్ద మొక్కే మొక్కిన. ఒకటో తారీఖు సంది అన్నం బందు, చాయ్ బందు, తీపి మొఖం సూడొద్దు, తెల్లారకముందే ఫ్యాక్టరీ గేటు దాంక నడిచి రావాలె. మొదటి దినం అన్నీ చేసిన. మా అవ్వ తీరు గాను అనుకొని ధైర్యంగ ఉండె. తర్వాత ఒకనాడు షుగర్ గోళీలు వేసుకొని, ఖాళీ కడుపుతోని నల్లకాడికి పోయి, కండ్లు తిరిగి పడ్డ. బిందె సొట్టవోయింది. అక్కనే ఉరికచ్చి రిక్షల దవాఖానకు తీసుకపోయింది. గోళీలు వేసుకొని ఉపాసం ఉంటరా అని డాక్టరమ్మ తిట్టింది. మెల్లగ, నీతోని అయ్యేది చెయ్యి అన్నది.

 ఇంటికచ్చినంక అక్క జొన్నరొట్టె, పప్పు పెట్టి, తిన్నదాంక పక్కన కూసున్నది. గప్పుడన్నది: "చెల్లె, నువ్వు మంచిగున్న దినం అయ్యేటిది మొక్కినవు. పానం బాగలేని దినం గూడ అయ్యేటిది ఏదో సూసి మొక్కు. ఒక్కటే మొక్కు."

ఆ ఒక్కటి ఏందో గూడ ఆమెనే సోచాయించింది. బీడీలు చుట్టేటోళ్లకు మెడ వంచితె మళ్ల లేసుడుండదు. నడుము కట్టెలెక్క అయితది, కాళ్లు తిమ్మిరెక్కుతయి. గందుకని ఒక కట్టకు దారం చుట్టంగనే లేసి, గల్లీ దాటి, ఎదురింటి తలుపు గొళ్లెం కొట్టి రావాలె. నేను ఆమెది కొట్టాలె, ఆమె నాది కొట్టాలె. అంతే.

గల్లీల మస్తు నవ్విన్రు. ఇండ్లల్ల దొంగలు వడ్డట్టు గొళ్లాలు సూసుకుంటున్రేందని కిరాణాకొట్టు ముసలాయన రోజు అడిగేటోడు. నీ కొట్టు గొళ్లెం గూడ కొట్టి పోతం, నువ్వు గూడ లే అని అక్క అనేది. నేను మోకాళ్లు నొస్తున్నయని లేవని దినం ఆమె కోపానికి రాలే. "తప్పితె తప్పింది, ఇంకో కట్ట ఉన్నది గద" అనేది. నేను ఒకటి తప్పితె అంత మునిగిందనుకునేదాన్ని. ఆ మాటనే నన్ను నిలవెట్టింది.

ఏడాదికొక మొక్కు, చిన్నది, కలిపేది. ఒకేడు చాయ్‌ల చక్కెర సగం చేసినం. ఇంకోయేడు పాదాలు సూసుకునుడు. నా కండ్లు మందగించినయి, ఆమె నడుము వంగదు. గందుకే పగటీలి ఎండల కాళ్లు సాపుకొని ఒకరి పాదాలు ఒకరం సూసేది. నా మడమకు చిన్న పగులు కనవడితె ఆమె నూనె తెచ్చేది. మా అవ్వ పాదాలు గిట్ల ఎవరన్న సూసి ఉంటె అనుకొని నాకు ఏడుపచ్చేది.

ఆమెకు గూడ షుగరే. అయినా తమ్ముడు రుద్రూర్ నుంచి చెరుకు తెస్తె ఒక చిన్న ముక్క నములుకుంట, మిగిలింది పిల్లలకు పంచేది. గిదేంది అక్కా అంటె, "మొత్తం మానేస్తనంటె దొంగతనంగ తింట. గీ ముక్కయితె నీ ముందర తింట" అన్నది.

పరామర్శకు అచ్చినోళ్లల్ల ఒకామె అననే అన్నది, గన్ని జాగ్రత్తలు తీసుకొని ఏం ఫాయిద అయిందని. ఆ మాట నా గుండెల వడ్డది. నిజమే గద అనుకున్న. ఆ దినం సంది కట్టలు కట్టిన గని లేవలె. గోళీ గూడ మరిశిపోయిన. పాదాలు సూసేటోళ్లు లేకపాయె. రాత్రి పగలు మా అవ్వ మంచమే కండ్ల ముందట.

కొత్త సంవత్సరం నాడు పొద్దుగాల చాట ముందర వెట్టుకున్న. పిల్లల ముగ్గు రంగులు గల్లీ నిండ ఉన్నయి. ఆమె గడప కాడ, గోడకు ఆనించి, ఆ బిందె ఉన్నది. ఆఖరి దినం తనే నింపుకున్న బిందె. ఎవరిని పిలవకుంటనే పోయింది మా అక్క. ఎన్నడో అన్న మాట గప్పుడు యాదికచ్చింది: "సావు ఆగుతదని చేస్తున్నమా చెల్లె? ఉన్నన్ని దినాలు మన నీళ్లు మనం తెచ్చుకోవాలె."

దారం చుట్టిన. గోడ వట్టుకొని లేసిన. ముగ్గు తొక్కకుంట గల్లీ దాటి ఆ గొళ్లెం కొట్టిన. లోపట కోడలు చాట ముందర ఉన్నది, ఒక్కతీరుగ నన్నే సూసింది.  నేను మళ్లచ్చి కూసున్న.

జర సేపటికి నా తలుపు గొళ్లెం సప్పుడయింది. నేను తల ఎత్తలె. ఎత్తితె కోడలే కనవడతది, నాకెరుకే. తల వంచుకొని ఆకు చుట్టుకుంటనే, ఆ గొళ్లెం ఊగుడు ఆగేదాంక ఇన్న.